మన దారి, పాత డీజిల్ జీపు

నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వచ్చే దారి మన తాతలు కొట్టింది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కూలి కూడా సరిగా ఇవ్వలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్‌ మీద జరిగిన దాడి వెనక ఆ కోపమూ ఉంది.

తర్వాత ఆ దారిలో జీపులొచ్చాయి. అమెరికా విల్లీస్ జీపు విడిభాగాలు తెచ్చి మహీంద్రా కంపెనీ బొంబాయిలో బిగించేది. పెట్రోలు బండి మనకెక్కడ అందుతుంది? ఫ్రాన్సు ప్యూజో డీజిల్ ఇంజను వచ్చాక జీపులు సంతలకు తిరిగాయి. ఓనర్లు మాత్రం ఎక్కువగా మైదానం వాళ్లే. మనం వెనక వేలాడాం.

కాఫీ, మిరియాల డబ్బుతో మనవాళ్లు కొన్నవి పాతబండ్లే. కమాన్ పట్టీలు విరిగేవి, ఘాటీ దిగేసరికి బ్రేకులు కాలేవి. చలికాలం పొద్దున్నే డీజిల్ ఇంజను లేవదు. అందుకని రాత్రి వాలులో నిలిపి చక్రానికి రాయి అడ్డం పెట్టేవారు. తెల్లారి రాయి తీసి, బండి దొర్లుతుండగా గేరు వేస్తే ఇంజను అందుకునేది. ఆ డ్రైవర్ల పేర్లు మనమింకా రాసుకోలేదు.