భద్రాచలం వరద అంచనా: గణితం, అనిశ్చితి

భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది జారీ అవుతాయి. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు, 1990లో 70.8కి, 2022 జూలైలో 71.3కి చేరింది.

వరదల పునరావృత్తి కాలాన్ని సంభావ్యతతో లెక్కించే పద్ధతిని గణితజ్ఞుడు ఎమిల్ గుంబెల్ 1941లో వివరించాడు. ‘నూరేళ్ల వరద’ అంటే ఏ ఏడాదైనా నూటికి ఒక వంతు అవకాశమున్న వరద. ముప్పై ఏళ్లలో అది ఒక్కసారైనా వచ్చే అవకాశం సుమారు 26 శాతం. ఏటి ఒడ్డున ఇల్లు కట్టుకున్నవారికి ఇది చిన్న సంఖ్యేమీ కాదు.

1986-2022 మధ్య 37 ఏళ్లలో మూడుసార్లు 70 అడుగులు దాటినందున, సగటున పన్నెండేళ్లకొకసారి అనుకోవచ్చు. అయితే పెద్ద వరద వచ్చిన ఏడాదితోనే లెక్క మొదలుపెట్టడం ఫలితాన్ని ముందే ఒకవైపు మొగ్గేట్లు చేస్తుంది. 1991తో మొదలుపెట్టి 2021తో ఆపితే అటువంటి వరద ఒక్కటీ లేదు! ఇంత కొద్ది నమోదులపై ఏ సూత్రాన్ని నిలిపినా దోషపరిధి విస్తృతంగానే ఉంటుంది.

పోలవరం చరిత్రలో ఈ సందిగ్ధం స్పష్టం. 1986లో ధవళేశ్వరం వద్ద ప్రవాహం సుమారు 35 లక్షల క్యూసెక్కులు. స్పిల్‌వే సామర్థ్యాన్ని మొదట 36 లక్షలుగా తలచి, తరువాత 50 లక్షలకు పెంచారు. 2005 నాటి పర్యావరణ అనుమతి మాత్రం పాత అంకెపైనే ఆధారపడింది. ఎగువ ముంపును కొత్త అంకెతో తిరిగి లెక్కించాలన్న తెలంగాణ అభ్యర్థనకు మూలం ఇదే.