ఖండితపాఠము, అఖండదర్శనము: ‘మెట్రోపోలిస్’ చలనచిత్ర పరిశీలనము

ప్రాచీన తాళపత్రప్రతులను పరిశీలించువారికి సుపరిచితమైన యనుభవ మొకటి కలదు: కొన్ని పత్రములు లోపించి, కొన్ని చెదలుపాలై, లేఖకదోషములతో నిండిన ప్రతియందు సైతము మహాకవి వాక్కు తన్నుదాను చాటుకొనును. జర్మనీ దేశమున ఫ్రిట్స్ లాంగ్ దర్శకత్వమున ఊఫా సంస్థ నిర్మించి, 1927 జనవరి 10వ తేదీన బెర్లిన్ నగరమున ప్రప్రథమముగా ప్రదర్శించిన ‘మెట్రోపోలిస్’ అను మూకచిత్రము ఇట్టి పరీక్షకు లోనై నిలిచిన కృతి. ఎనుబది సంవత్సరములకు పైగా లోకము దానిని ఖండితరూపముననే చూచినది. అయినను శాస్త్రకల్పనాచిత్రములలో దాని అగ్రస్థానము చలింపలేదు. ఈ స్థైర్యమునకు మూలము దాని దృశ్యకల్పనయందే కలదని నా యభిప్రాయము.

కథ యంత గొప్పది కాదు. ఆకాశమంటు హర్మ్యములలో యజమానులు, భూగర్భమున యంత్రదాసులైన శ్రామికులు. నగరాధిపతి కుమారుడు ఫ్రెడర్, శ్రామికులకు శాంతిబోధ చేయు మరియ అను యువతిని వలచుట. రోట్‌వాంగ్ అను శాస్త్రజ్ఞుడు యంత్రస్త్రీకి ఆమె రూపము నొసగి జనులను వినాశమునకు పురికొల్పుట. తుదకు మెదడునకును చేతికిని హృదయమే మధ్యవర్తి యను బోధ. లాంగ్ భార్య థేయా ఫాన్ హార్బో కూర్చిన యీ పరిష్కారము వర్గవైరమువంటి జటిలసమస్యకు మిక్కిలి అల్పమైన సమాధానము. హెచ్.జి. వెల్స్ ఆ సంవత్సరముననే చిత్రమును తీవ్రముగా ఖండించెను. లాంగ్ సైతము అనంతరకాలమున ఆ ముగింపునెడల తనకు గల యసంతృప్తిని వెల్లడించెను. ఈ విమర్శలు న్యాయములే.

అయినను ఫ్రెడర్ ఒక శ్రామికుని స్థానమున నిలిచి పనిచేయు ఘట్టమును ఒక్కమారు చూచినవారు మరువజాలరు. 11811 అను సంఖ్యతో గుర్తింపబడు ఆ శ్రామికుని యెదుట గడియారమును బోలిన మహాఫలకము. దాని యంచున దీపములు. ఏ దీపము వెలిగిన నా దీపమునొద్దకు ముల్లును త్రిప్పుటయే పని. ఆ పనికి ఫలమేమియో చిత్రమున నెక్కడను చెప్పబడదు. చేతులు చాచి ముండ్లను బట్టి వ్రేలాడు ఆ యువకుడు శిలువవేయబడినవానివలె కన్పట్టును. పది గంటల పనిదినము ముగియదేమని తండ్రి నుద్దేశించి ఆక్రోశించును. తెరపై మెరయు సంకేతములకు రేయింబవళ్లు బదులిచ్చుచు బ్రదుకు నేటి ఉద్యోగికి ఈ ఘట్టము వ్యాఖ్యానము లేకయే బోధపడును.

ఈ దర్శనమును సాధించిన ఉపాయములును గమనింపదగినవి. ఓయ్‌గెన్ షుఫ్టాన్ కెమెరా ముందర నలువదియైదు డిగ్రీల వాలున అద్దము నిలిపి, అందొక భాగమున వెనుకపూతను గీకివైచెను. గీకిన చోట గాజుగుండ దూరమునందలి నటులు కనబడుదురు. మిగిలినచోట ప్రక్కనున్న చిన్న నమూనాభవనము ప్రతిబింబించును. రెండును ఒకే ఫిల్ముపై కలిసి, మనుష్యులు మహాసౌధముల క్రింద చీమలవలె సంచరించుచున్నట్లు తోచును. యంత్రస్త్రీ కవచమును శిల్పి వాల్టర్ షుల్ట్స్-మిట్టెన్‌డోర్ఫ్, నటి బ్రిగిట్టె హెల్మ్ దేహమునుండి తీసిన అచ్చుపై మలచెను. ‘స్టార్ వార్స్’ చిత్రమందలి బంగారువన్నె యంత్రపురుషునకు ఈ మూర్తియే మాతృక.

ఇక పాఠచరిత్ర. 4189 మీటర్ల నిడివిగల మూలచిత్రమును అమెరికా ప్రదర్శనార్థము పారమౌంట్ సంస్థ పక్షమున చానింగ్ పొలాక్ విశేషముగా కత్తిరించెను. జర్మనీలోను పిమ్మట కురచప్రతియే చెలామణి యయ్యెను. రోట్‌వాంగ్ వలచి కోల్పోయిన హెల్ అను స్త్రీ వృత్తాంతము ఆ కోతలో తొలగిపోవుటచే, ఆతడు యంత్రస్త్రీని ఏల నిర్మించెనో తెలియకుండ పోయెను. విరహి పిచ్చివానిగా మారెను. సెన్సారువారి పత్రములందు నిలిచిన అక్షరఫలకముల పాఠమును, గాట్‌ఫ్రీడ్ హుప్పెర్ట్స్ సంగీతలిపియందలి దృశ్యసూచనలును ఆధారముగా పండితులు లోపముల స్థానములను నిర్ణయించిరి. ఆ కృషిఫలమైన పునరుద్ధృతప్రతి 2001లో యునెస్కో ‘ప్రపంచస్మృతి’ పట్టికలో చేరెను. అట్లు చేరిన తొలి చలనచిత్ర మిదియే. 2008లో బ్యూనస్ ఐర్స్ నగరపు సినిమా మ్యూజియమున 16 మిల్లీమీటర్ల నకలు బయల్పడగా, సుమారు ఇరువదియైదు నిమిషముల భాగము తిరిగి చేరి, 2010లో నూతనప్రతి వెలువడెను. చేరిన దృశ్యములపై గీతలు కలవు, అంచులు తెగినవి. పరిష్కర్తలు వానిని మరుగుపరుపక ఉన్నది ఉన్నట్లు చూపుట ప్రశంసనీయము. కథావస్తువు నెరుగగోరువారు ఈ ప్రతినే చూడవలెను. అయితే గడియారఫలకమునొద్ద నిలిచిన ఫ్రెడర్ శక్తికి దీనివలన కొత్తగా చేరినది స్వల్పము, అది ఖండితప్రతియందే పరిపూర్ణము.

మన మూకచిత్రములకు ఇట్టి భాగ్యము పట్టలేదు. రఘుపతి ప్రకాశ్ తీసిన ‘భీష్మప్రతిజ్ఞ’ నేడు అలభ్యము. తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’యు నంతే. పాత సినిమాహాళ్ల గదులలో, నిర్మాతల వారసుల ఇండ్లలో తుప్పుపట్టిన డబ్బాలేవైన నున్నచో, వానిని పాతసామానువానికి తూచి యమ్మక, పూనాయందలి జాతీయ చలనచిత్ర భాండాగారమునకు తెలియజేయుడని పాఠకులను ప్రార్థించుచున్నాను.