మొండి సల్ఫేటును దారికి తెచ్చే ఎంజైము

జ్వరానికి వేసుకున్న పారాసిటమాల్‌లో కొంత భాగం కాలేయంలో సల్ఫేటును తగిలించుకుని మూత్రంలో బయటికి పోతుంది. ఇలాంటి తగిలింపు 1876లోనే బయటపడింది. ఫినాల్‌తో చికిత్స పొందిన రోగి మూత్రంలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఓయ్‌గెన్ బౌమన్‌కు ఫినైల్ సల్ఫేటు దొరికింది. విషాన్ని నీళ్లలో కరిగేలా మార్చి గెంటేసే ఏర్పాటు ఒంట్లోనే ఉందన్నమాట. కానీ సల్ఫేటు తనంతట తాను ఇలాంటి పదార్థాలతో కలవదు. మరి కలిపేదెవరు?

జవాబుకు ఎనభై ఏళ్లు పట్టింది. కణాలకు శక్తినిచ్చే ఏటీపీ లేనిదే ఈ పని సాగదని 1950ల తొలినాళ్లలో కాలేయ కణసారంతో చేసిన ప్రయోగాలు చూపాయి. 1953లో నోబెల్ అందుకున్న ఫ్రిట్జ్ లిప్‌మన్, ఆ తర్వాత కొన్నేళ్లకే ఫిలిప్స్ రాబిన్స్‌తో కలిసి ‘క్రియాశీల సల్ఫేటు’ను వేరుచేసి, నిర్మాణం తేల్చాడు. దాని పొట్టి పేరు పాప్స్; ఇతర అణువులకు సల్ఫేటు అందేది దీని నుంచే. తయారీ రెండంచెల్లో జరుగుతుంది. మొదట ఏటీపీలోని రెండు ఫాస్ఫేట్లు జంటగా ఊడిపోతాయి, ఆ చోట సల్ఫేటు చేరి ఏపీఎస్ అవుతుంది. ఆపై మరో ఏటీపీ ఇచ్చే ఫాస్ఫేటుతో ఏపీఎస్ కాస్తా పాప్స్ అవుతుంది.

ఈస్టులో ఈ రెండు పనులకూ వేర్వేరు ఎంజైములున్నాయి. జంతువుల్లో రెండింటినీ ఒకే ప్రొటీన్ చేస్తుందని 1990లలో జన్యు క్లోనింగ్‌తో రుజువైంది. అదే పాప్స్ సింథేజ్. మనుషుల్లో ఇది రెండు రకాలు: ఒకటో రకం జన్యువు 4వ క్రోమోజోమ్ మీద, రెండో రకానిది 10వ దాని మీద ఉన్నాయి.

ఈ ఎంజైము విలువ అది లోపించినప్పుడే తెలిసింది. బ్రాకీమార్ఫిక్ అనే పొట్టి ఎలుకల మృదులాస్థిలో సల్ఫేటు చాలడం లేదు. పాప్స్ తయారీ కుంటుపడటమే కారణమని 1979లో సుగహర, ష్వార్ట్జ్ చూపారు. 1998లో పాకిస్తాన్‌లోని ఒక పెద్ద కుటుంబంలో వెన్ను, కాళ్ల ఎముకలు సరిగా ఎదగని జబ్బుకూ, ఆ ఎలుకల పొట్టితనానికీ రెండో రకం జన్యువులోని లోపమే మూలమని తేలింది. ఒకటో రకం సవ్యంగానే ఉన్నా ఆ కొరత తీరలేదు.

2009లో ఇదే జన్యువు దెబ్బతిన్న ఒక బాలిక గురించి వైద్యులు ప్రకటించారు. అడ్రినల్ గ్రంథి చేసే డీహెచ్‌ఈఏ అనే హార్మోనుకు ఆమె ఒంట్లో సల్ఫేటు తగలడం లేదు. దాంతో అది పురుష హార్మోన్లుగా మారి, వయసుకు ముందే యవ్వన లక్షణాలు తెచ్చింది. ఎముకల లోపమూ ఉంది. అందుకే ఎముకల ఎదుగుదల లోపంతో పాటు ఇలాంటి లక్షణాలున్న పిల్లలకు డీహెచ్‌ఈఏ సల్ఫేటు పరీక్ష తప్పక చేయించాలి.