తీర్ కమాన్: దేవరాయల విలుకాండ్రు, మన ఉస్తాదులు

కమాను అనే మాట తెలియని వారు మన చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో ఉండరు. లారీకి కమాన్ కట్ట విరిగిందంటారు. ఊరి మొగదల కట్టిన వంపు ద్వారాన్ని కమాను అంటారు. కాని ఈ మాటకు అసలు అర్థం విల్లు అని చెబితే బడిలో పిలకాయలు మా ముఖం వైపు చూస్తారు. ఉర్దూ మాధ్యమం పిలకాయలకైనా తీర్ కమాన్ అనేది కథల్లో వచ్చే మాటే తప్ప చేత పట్టిన వస్తువు కాదు గదా! ఆ వస్తువును చేత పట్టడం ఎట్లాగో నేర్పడానికి ఒకప్పుడు విజయనగర చక్రవర్తి మనవాళ్ళకు జాగీర్లిచ్చి పిలిపించుకొన్నాడు. ఆ సంగతిని సభ్యుల ముందు, వారి ఇండ్లలోని పిల్లల ముందు పెట్టాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ముందు విల్లు సంగతి. లోకంలోని విల్లులను స్థూలంగా రెండు జాతులు అనుకోవచ్చు. ఒకటి పొడుగు విల్లు. ఒకే కర్రను గాని, వెదురు బద్దను గాని చెక్కి, రెండు కొసలకు అల్లెతాడు బిగిస్తే అయిపోయింది. శ్రీకాళహస్తి కన్నప్ప కథలో తిన్నడు పట్టిన బోయ విల్లును ఈ మాదిరిదిగానే ఊహించుకోవాలి. నల్లమల చెంచుల వెదురు విల్లు కూడా ఇదే జాతి. ఇంగ్లండు దేశంలో యూ అనే చెట్టు కర్రతో మనిషెత్తు విల్లులు చేసేవారు. 1545లో మునిగిన మేరీ రోజ్ అనే యుద్ధనౌకను 1982లో పైకెత్తారు. ఆ ఓడలో నూటికి పైగా విల్లులు చెక్కుచెదరకుండా దొరికినాయి. వాటిని లాగడానికి నూరు పౌండ్లకు మించిన బలం కావాలని పరిశోధకుల లెక్క.

రెండోది కొసలు వెనక్కు మళ్ళిన విల్లు. మన కమాన్ ఇదే. దీని పనితనం చెప్పుకోదగినది. మధ్యలో కర్ర. విలుకాడి వైపు ఎనుము కొమ్మును పలచగా కోసి అతుకుతారు. అవతలి వైపు పశువుల నరాలను పీచు మాదిరి చీల్చి, బంకలో ముంచి పొరలు పొరలుగా పరుస్తారు. విల్లు వంచినప్పుడు లోపలి వైపు నొక్కుకుంటుంది, బయటి వైపు సాగుతుంది. నొక్కుడుకు కొమ్ము ఓర్చుకొంటుంది, సాగుడుకు నరం ఓర్చుకొంటుంది. అందువల్ల పొట్టి విల్లు కూడా పొడుగు విల్లుకు సమానమైన దెబ్బ వేస్తుంది. గుర్రం మీద కూర్చున్న వాడికి పొడుగు విల్లు అడ్డం తగులుతుంది, ఇది తగలదు. బంక ఆరడానికే నెలలు పడుతుంది. ఒక మంచి కమాన్ తయారు కావడానికి ఏడాది, ఒక్కోసారి అంతకు మించి పట్టేది. ఇంత కష్టపడి చేసినా వానాకాలం తేమ దీనికి శత్రువు. తడి తగిలితే బంక వదులుతుంది. మొగలుల కాలంలో ఉక్కుతో కమాన్లు చేయడానికి ఇది కూడా ఒక కారణం.

ఇక్కడ ఒక మాట. కొమ్ము విల్లును ఈ దేశానికి మనవాళ్ళే తెచ్చారని కొందరు గొప్పలు చెప్పుకొంటారు. అది సరికాదు. విష్ణుమూర్తి విల్లు పేరు శార్ఙ్గం, అంటే కొమ్ముతో చేసినది. తెలుగులో సింగాణి అనే పాత మాటకు కూడా కొమ్ము విల్లు అనే అర్థం. తిరుపతి పట్టణం నడుమ ఉన్న కోదండరామస్వామి గుడి పేరులోనే విల్లుంది. వస్తువు ఇక్కడ తెలియనిది కాదు. తక్కువైనదల్లా గుర్రం పరుగెత్తుతుండగా గురి తప్పకుండా కొట్టే అభ్యాసం. అది తురుష్కుల సేనల్లో చిన్ననాటి నుండి నేర్పే విద్య.

ఇక అసలు కథ. రెండవ దేవరాయలు 1420ల నుంచి 1446 వరకు విజయనగరాన్ని ఏలినాడు. పాఠ్యపుస్తకాల్లో ఆయనను ఏనుగుల వేటగాడు, గజబేటకారుడు అని ఒక్క ముక్కలో తేలుస్తారు. తిరుమల శాసనాల్లో ఆయన దానాలు నమోదై ఉన్నాయి, కాబట్టి మన ప్రాంతానికి పరాయివాడు కాడు. బహమనీ సుల్తానులతో యుద్ధాల్లో పదే పదే ఎందుకు దెబ్బ తింటున్నామని ఆయన కొలువులో విచారణ పెట్టినాడట. రెండు కారణాలు తేలినాయి. వారి గుర్రాలు బలమైనవి, వారి వద్ద మంచి విలుకాండ్రు జాస్తి. అప్పుడు రాయలు ముస్లిములను కొలువులో చేర్చుకోమని ఉత్తరువిచ్చి, జాగీర్లిచ్చి, రాజధానిలో మసీదు కట్టించి, వారి మతం జోలికి ఎవరూ పోరాదని కట్టడి చేసినాడు. తన సింహాసనం ముందు పీఠం మీద ఖురాన్ షరీఫ్‌ను ఉంచేవాడు. కొలువుకు వచ్చిన ముస్లిము వంగి సలాం చేస్తే, ఆ వంగడం గ్రంథానికే చెందాలని ఆ ఏర్పాటు. ఎదుటివాడి మనసు నొచ్చకుండా పని నేర్చుకోవాలనుకున్న వాడి తెలివి ఇది. కొద్ది కాలంలోనే రెండు వేల మంది ముస్లిములు, అరవై వేల మంది హిందువులు ఆరితేరిన విలుకాండ్రుగా తయారైనారని ఫరిష్తా రాసినాడు.

ఫరిష్తా బీజాపూరులో కూర్చుని నూటయాభై ఏళ్ళు దాటినాక రాసిన చరిత్ర ఇది. చరిత్రకారులు సేనల లెక్కలను ఎట్లా పెంచుతారో తెలిసిందే, కాబట్టి అరవై వేలను మేము తూచి చూడమంటాము. కాని కథకు రాతిలో సాక్ష్యం ఉంది. హంపీలో అహమద్ ఖాన్ అనే రాజసేవకుడు 1439లో కట్టించిన మసీదు నేటికీ నిలిచి ఉంది. చూడడానికి గుడి మండపం మాదిరి స్తంభాలతో ఉంటుంది. కన్నడంలో ఉన్న శాసనం దానిని ధర్మసాలె అంటుంది. దేవరాయల పుణ్యం కోసం కట్టించినట్లు కూడా చెబుతుంది. ఉపాధి ఇచ్చిన రాజు పుణ్యం కోసం ఒక ముసల్మాను తన నమాజు స్థలాన్ని కట్టించినాడంటే ఆ కొలువులో వారి మర్యాద ఎంతటిదో ఊహించుకోవచ్చు.

1443లో ఈ కొత్త సేనతో రాయలు రాయచూరు అంతర్వేది మీదికి పోయినాడు. యుద్ధం ఏకపక్షంగా సాగలేదు, చివరకు సంధి జరిగింది. విలువిద్య వచ్చినంత మాత్రాన గెలుపు రాదు లెండి! కాని ఏర్పాటు మాత్రం నిలిచింది. సుమారు 1520లో శ్రీకృష్ణదేవరాయల సైన్య ప్రదర్శనను చూసిన పోర్చుగీసు యాత్రికుడు పేయస్, ఆ వరుసల్లో ముస్లిములు తురుష్క విల్లులు పట్టుకొని నిలబడి ఉండడాన్ని ప్రత్యేకంగా రాసుకొన్నాడు. అంటే ఉస్తాదుల సంప్రదాయం మూడు తరాలకు పైగా సాగిందన్న మాట. 1565 రక్కసి తంగడి యుద్ధం తర్వాత రాజధాని పెనుగొండకు, అక్కడి నుండి మన చంద్రగిరికి వచ్చింది. చంద్రగిరి రాజమహల్ మ్యూజియం చూడడానికి పోయే కుటుంబాలు ఈ వంశక్రమాన్ని పిల్లలకు చెబితే బాగుంటుంది.

ఉస్తాదులు ఎట్లా నేర్పేవారు? ఢిల్లీలో ఇల్తుత్‌మిష్ కాలం నాటి ఫఖ్రె ముదబ్బిర్, ఈజిప్టులో 14వ శతాబ్దపు తైబుఘా మొదలైన వారు ఈ విద్యను గ్రంథాల్లో రాసినారు. అన్నిటికన్నా ముందు షాగిర్దు చేతికి బలమైన విల్లు ఇవ్వరాదు. మెత్తని విల్లుతో మొదలుపెట్టి, చేయి కుదిరినాక గట్టిదానికి పోవాలి. లాగడం అలవాటు కావడానికి అల్లెతాడు బదులు ఇనుప గొలుసు కట్టిన కసరత్తు విల్లు ఒకటుండేది. దాని పేరు లేజమ్. మన బడుల్లో డ్రిల్లు మాస్టారు గలగలమని ఆడించే లెజిమ్స్ ఇదే! ఆగస్టు పదిహేనుకు లెజిమ్ ఆడిన మన పిలకాయలు ఎంతమందో, అది విలుకాడి పలక అని తెలిసిన వారు ఎంతమందో.

తాడును లాగే పద్ధతి కూడా వేరు. ఇంగ్లీషువాడు మూడు వేళ్ళతో లాగుతాడు. మనవాళ్ళు బొటనవేలిని తాడుకు కొక్కెం మాదిరి వేసి, దానికి జిహ్‌గీర్ అనే ఉంగరం తొడిగి లాగేవారు. షాజహాన్ ఉంగరం ఒకటి హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉంది. ఉర్దూలో గురి చూడడాన్ని షిస్త్ బాంధ్‌నా అంటాము. ఆ షిస్త్‌కు బొటనవేలి ఉంగరం అని కూడా అర్థముంది. విల్లు కొసను గోషా అంటారు. గోషా ఆసుపత్రి అన్న మాటలోని గోషా కూడా ఇదే, మూల, కొస అని అర్థం. విద్య పోయినా మాటలు ఇండ్లలోనే తిరుగుతున్నాయి.

తుపాకి వచ్చినాక విల్లు వెనకబడింది. విల్లు చేసే కమాన్‌గర్లు వేరే పనులు చూసుకొన్నారు. గుజరాత్ కచ్ ప్రాంతంలో ఆ పేరు గల వారు గోడల మీద బొమ్మలు వేసే చిత్రకారులైనారు.

నేడు మన రాష్ట్రంలో విలువిద్య మళ్ళీ లేచింది. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది. అదే ఊరి బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో జోడీ పోటీలో నాలుగో స్థానం దాకా పోయినాడు. సురేఖది చక్రాలు బిగించిన విల్లు. ధీరజ్‌ది మన కమాన్ మాదిరి కొసలు మళ్ళినది, కాని గురి చూపే అమరికలన్నీ ఉంటాయి.

ఆ అమరికలు లేకుండా పాత పద్ధతిలో మొదలుపెట్టాలనుకొనే పిల్లలకు, పెద్దలకు కొన్ని జాగ్రత్తలు. పెద్దవారికి 20, 25 పౌండ్ల విల్లు చాలు, పిల్లలకు అందులో సగం. తమ బలం చూపాలని నలభైతో మొదలుపెట్టే కుర్రవాళ్ళు భుజం పట్టేసి వారంలో మానుకొంటారు. బాణం లేకుండా తాడు లాగి వదలరాదు, విల్లు చీలిపోతుంది. కుడిచేత్తో మూడు వేళ్ళ పద్ధతిలో లాగితే బాణం విల్లుకు ఎడమ వైపు, బొటనవేలితో లాగితే కుడి వైపు ఉండాలి. ఈ రెండూ కలిపితే బాణం జారుతుంది. ముంజేతికి తోలు పట్టీ కట్టుకోవాలి. వరిగడ్డిని గట్టిగా బిగించి కట్టిన మోపు మంచి లక్ష్యం, వెనక మట్టికట్ట గాని గుట్ట గాని ఉండాలి. పది అడుగుల దూరంలో నెల రోజులు కొట్టినాకే వెనక్కు జరగాలి. అందరూ బాణాలు వదిలి విల్లులు దించినాకనే ఏరుకోవడానికి పోవాలి. కర్ర విల్లయితే ఇంటికి తెచ్చినాక తాడు విప్పి పెట్టాలి. పొద్దు గూకే లోపల బాణాలు లెక్కబెట్టుకోవడం మరవకూడదు, గడ్డిలో దాగిన బాణం మరుసటి రోజు ఆవు కాలికో మనిషి కాలికో గుచ్చుకొంటుంది.