ఉత్సవ పత్రికలో చిన్నవాని పేరు

సంగీతోత్సవములు సమీపించినప్పుడెల్ల మన కృష్ణాతీరమున ఒక ప్రశ్న వినవచ్చుచుండును: ఈ విద్వాంసుల పట్టికను చూచి పడుచువారెవరైనను వత్తురా? సభల కార్యదర్శులు దీనిని నిట్టూర్చుచు అడుగుదురు. పెద్దలు కాలమును నిందించుచు అడుగుదురు. పడుచువారు ఆహ్వానపత్రికను ఒకమారు తిరుగవేసి ప్రక్కన పెట్టుటతోనే తమ సమాధానము చెప్పివేయుదురు. ఇది నేటి కాలపు చిక్కు అని పలువురి తలంపు. కాని మంగళగిరి మొదలుకొని బెజవాడ, గుడివాడల వరకు గల ఈ కొద్దిపాటి సీమ యొక్క సంగీతచరిత్రను తీరికగా పరిశీలించినచో, మన పూర్వులు ఈ ప్రశ్నకు కార్యరూపమున సమాధానము చెప్పియుండిరనియు, దానిని మనమే మరచితిమనియు విశదము కాగలదు.

మంగళగిరి తిరునాళ్లనే తీసికొందము. రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లలో కట్టించిన పదునొకండు అంతస్తుల గాలిగోపురము నీడలో, ఫాల్గుణమాసమున నరసింహస్వామి కల్యాణమునకును మరునాటి రథోత్సవమునకును చేరెడి జనసమూహమునకు సన్నాయిమేళము, హరికథ, బుర్రకథ, పద్యనాటకము అన్నియు ఒకే పందిరిక్రింద లభించెడివి. ఇది పెద్దలకు, అది పిల్లలకు అను విభాగము లేదు. తండ్రి ఒడిలో హరికథ నడుమ నిదురించిన పిల్లవాడు బుర్రకథలో గుమ్మెట మ్రోగగానే లేచి కూర్చుండెడివాడు. ఇంతకంటె గమనింపదగిన సంగతి మరియొకటి కలదు. వేదికపై నిలిచినవారు సైతము పడుచువారే. మంగళగిరికి చేరువనే గల పొన్నెకల్లులో 1920 లో జన్మించిన షేక్ నాజరు, ప్రజానాట్యమండలి బుర్రకథా దళముతో ఊరూర వీరగాథలు చెప్పి జనమును ఉఱ్ఱూతలూగించుచున్న దినములలో ఆయన వయస్సు ఇరువదులలోనే యుండెను. ప్రభుత్వము పద్మశ్రీ యొసంగినది 1986 లో. జనము మాత్రము ఆయన యౌవనముననే ఆయనను గుర్తించినది. పల్లెటూరి యువకులు తమ యీడువాడు ఖడ్గము దూసినట్లు తంబుర నెత్తి గంతువేయుటను చూచి ముగ్ధులైరి.

మంగళగిరినుండి గుంటూరునకు పోవు రహదారిపై కాజ యను గ్రామము కలదు. ఈ కాలపు యువకులకు కాజ యనగా టోల్‌గేటు. కారు ఆగును, రుసుము చెల్లును, కారు సాగిపోవును. పదునేడవ శతాబ్దిలో శ్రీకృష్ణలీలాతరంగిణిని పండ్రెండు తరంగములుగా సంస్కృతమున రచించిన నారాయణతీర్థులు ఈ కాజవారేయని పెక్కుమంది పండితుల అభిప్రాయము. ఆ మహనీయుడు కావేరీతీరమునకు తరలి తంజావూరు సీమలోని వరగూరున నివసించెను. అచ్చట నేటికిని భజనగోష్ఠులలో ఆయన తరంగములు మారుమ్రోగుచున్నవి. ఆయన పుట్టిన సీమలో ఆ రచనను నిలిపినది కూచిపూడి భాగవతులు. తరంగము నర్తించునపుడు నర్తకి ఇత్తడిపళ్లెము అంచుపై పాదములు మోపి, శిరమున నీటిచెంబు నుంచుకొని, మృదంగపు జతులకు ప్రతిగా పళ్లెమునే ముందునకు వెనుకకు జరుపుచు తాళమును చూపును. ఆ నిమిషమున సభలోని పిల్లలలో ఒక్కరును కదలరు. శ్లోకార్థము తెలియకున్నను, రాగము పేరు తెలియకున్నను, నీరు తొణకునా తొణకదా యను ఉత్కంఠయే వారిని వేదికకు కట్టివేయును; ఆ మీదట రాగము తనంతట తాను చెవి కెక్కును. మూడువందల యేండ్లకు పైబడిన భక్తికావ్యము పదియేండ్ల పిల్లను అట్లు నిలువరింపగలుగుచుండగా, పాతది యగుటచేతనే సంగీతము యువకులకు రుచింపదనుట నాకు సమ్మతము కాదు.

ఇక బెజవాడ సంగతి. త్యాగరాజస్వామి శిష్యపరంపరలో మానంబుచావడి వేంకటసుబ్బయ్య, ఆయన శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రి, వారి శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. సుసర్లవారిది కృష్ణామండలములోని పెదకళ్లేపల్లి. ఈ పరంపర పంతులుగారి మూలమున బెజవాడలో స్థిరపడి, ఆ పట్టణమును ఆంధ్రదేశపు సంగీతరాజధానులలో ఒకటిగా చేసినది. 1930 జూలై 6 న తూర్పుగోదావరిలోని శంకరగుప్తమున పుట్టిన మంగళంపల్లి మురళీకృష్ణ తల్లిని పసితనముననే కోల్పోయి, సంగీతజ్ఞుడైన తండ్రి పట్టాభిరామయ్య పెంపకమున పెరిగి, ఈ పంతులుగారి సన్నిధికి చేరెను. ఎనిమిదేండ్ల ప్రాయమున ఆ బాలుడు బెజవాడ త్యాగరాజారాధనోత్సవములో నిండు కచేరి చేసెను. హరికథకులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతారు ఆ గానమునకు ముగ్ధులై, ఆ బాలుని పేరునకు ముందు ‘బాల’ను చేర్చిరి. ఆ బాలుడు పదునైదేండ్లకే డెబ్బదిరెండు మేళకర్తలలోను కృతులు రచించె ననుట సంగీతలోకము ఎరిగినదే.

ఈ కథను మనము బాలమేధావి యొక్క అద్భుతకథగా చెప్పుకొని తృప్తిపడుచుందుము. నేనిచ్చట చూడగోరునది ఆ బాలుని మేధను కాదు, ఆ సభవారి సాహసమును. ఆరాధనోత్సవ మనగా నిష్ఠతో జరుపబడు కార్యము. దేశములోని పేరుమోసిన విద్వాంసులు వచ్చి పాడు వేదిక. అట్టి వేదికపై పాలుగారు చెక్కిళ్ల పసివానికి రెండు కీర్తనలు పాడి దిగిపొమ్మని గాక, పక్కవాద్యములతో నిండు కచేరికి చోటు కల్పించుటకు గురువునకు ఎంత విశ్వాసము, నిర్వాహకులకు ఎంత హృదయవైశాల్యము ఉండవలెను! అదే గురుకులమున శిక్షణ పొందిన వాయులీన విద్వాంసులు అన్నవరపు రామస్వామి గారికి 2021 లో పద్మశ్రీ లభించినది. బాలమురళీకృష్ణయే కాలాంతరమున బెజవాడ ప్రభుత్వ సంగీతకళాశాలకు మొదటి ప్రధానాచార్యుడై కూర్చుండెను. ఒక్క బాలునకు చోటిచ్చిన పట్టణమునకు ఆ బాలుడు ఒక విద్యాలయముగా తిరిగి లభించెను.

   

గుడివాడకు వత్తము. 1978 లో అచ్చటి త్యాగరాజారాధనోత్సవములో పాలకొల్లు పిల్లవాడొకడు మాండలిన్ పట్టుకొని వేదిక యెక్కెను. వయస్సు తొమ్మిదేండ్లు, పేరు ఉప్పలపు శ్రీనివాస్. అతని చేతనున్నది వీణ కాదు, వయొలిను కాదు. సినిమాపాటల వాద్యబృందములలో మ్రోగు పాశ్చాత్య వాద్యము. దానిపై కర్ణాటక గమకము పలుకదని పెద్దల నిశ్చయము. మీటిన స్వరము వెంటనే క్షీణించిపోవును గనుక ఆ నిశ్చయమునకు కారణము లేకపోలేదు. అతని గురువు సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. మాండలిన్ వాయించుట ఎరుగనివారు. వారు నోట పాడెదరు, బాలుడు దానిని తంత్రులపై వెదకి పట్టుకొనును. అతడు తంత్రుల అమరికను మార్చి, విద్యుత్ మాండలిన్‌ను చేపట్టి, స్వరము చాలినంతసేపు నిలుచునట్లు చేసికొని, ఆ నిలిచిన స్వరమును ఊపి కంపితమును రాబట్టెను. గుడివాడ సభవారు వాద్యము అన్యదేశీయమని గాని, వాదకుడు బాలుడని గాని తలుపు మూసియుండినచో ఏమయ్యెడిదో ఊహింప నక్కరలేదు, వారు మూయలేదు. 1983 లో పదునాలుగేండ్ల శ్రీనివాస్ బెర్లిన్ జాజ్ ఉత్సవమున వాయించెను. ఆ పిమ్మట జాన్ మెక్‌లాలిన్, జాకీర్ హుస్సేన్‌లతో కూడి లోకమంతయు తిరిగెను. ఆ కచేరీలకు వచ్చిన యూరపు యువకులలో త్యాగరాజు పేరు వినినవారు ఎందరుందురు? అయినను వచ్చిరి. 2014 సెప్టెంబరు 19 న, నలుబదియైదేండ్లకే, ఆ నాదము ఆగిపోవుట మన దురదృష్టము.

అదే 1978 లో అమెరికాలోని క్లీవ్‌లాండున దక్షిణభారతీయులు కొందరు త్యాగరాజారాధన నారంభించిరి. ఆ ఉత్సవము నేడు ఆ ఖండమునందెల్ల ప్రసిద్ధము. అచ్చట పిల్లలకు పోటీలు పెట్టుదురు. గెలిచినవారిని వేదికపై కూర్చుండబెట్టుదురు. పంచరత్నములను విద్వాంసుల సరసన పిల్లలు గోష్ఠిగా పాడుదురు. ఒక పిల్ల పాడుటకు వచ్చినచో తల్లిదండ్రులు, తమ్ములు, స్నేహితులు వత్తురు; వచ్చినవారు సాయంకాలపు పెద్ద కచేరికి కూడ కూర్చుందురు. కాలిఫోర్నియా తెలుగువారి సిలికానాంధ్ర సంస్థ 2009 మే 10 న సికింద్రాబాదు పరేడ్ గ్రౌండ్స్‌లో లక్షకు పైబడిన గొంతులతో అన్నమయ్య సంకీర్తనలను పాడించినప్పుడు సైతము ఇదే సూత్రము పనిచేసినది. వినుటకు రమ్మన్నచో రానివారు పాడుటకు రమ్మన్నచో వచ్చిరి.

యువకులను రప్పించుటకై సినిమాపాటను కార్యక్రమమున చేర్చుటయే ఉపాయమని కొందరు వాదింతురు. సినిమాపాటపై నాకు ద్వేషము లేదు. 1980 లో, రేపల్లెలో పుట్టిన కె. విశ్వనాథ్ తీసిన శంకరాభరణము, కె.వి. మహదేవన్ సంగీతముతో, శాస్త్రీయశిక్షణ లేని ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము గళముతో, పెదకళ్లేపల్లి బిడ్డ వేటూరి కలముతో, రాగముల పేర్లను రిక్షాబండ్లవరకు తీసికొనిపోయినది. అయితే ఆ చిత్రము తన పని తాను చేసినది. సభ తన పని తాను చేయవలెను. సినిమాపాట కొరకు వచ్చినవాడు సినిమాపాట ముగియగానే లేచిపోవును. అతనిని కూర్చుండబెట్టు పని వేదికపై నున్న మనిషిది.

పడమటి దేశములలోను ఈ విచారము కలదు. ఇంగ్లాండులోని గ్లాస్టన్‌బరీ ఉత్సవమున తరచు ప్రధానగాయకుల వయస్సును గూర్చి వాదోపవాదములు చెలరేగును. 2022 లో ఆ నిర్వాహకులు చేసిన పని మెచ్చదగినది. శుక్రవారము రాత్రి ప్రధానవేదికను ఇరువదేండ్ల బిల్లీ ఐలిష్‌కు ఇచ్చిరి; శనివారము రాత్రి, ఎనుబదేండ్లు నిండి వారమైన పాల్ మెకార్ట్‌నీకి ఇచ్చిరి. ఇరువురికి అదే వేదిక, అదే వేళ, అవే దీపములు. చిన్నదానికి పగటివేళను, పెద్దవానికి రాత్రివేళను కేటాయింపలేదు.

మన యుత్సవ పత్రికలను దీని ప్రక్కన పెట్టి చూడుడు. పైభాగమున దాతల పేర్లు, ముఖ్య అతిథుల పేర్లు. నడుమ శాలువలు కప్పుకొన్న విద్వాంసుల రంగు ఛాయాచిత్రములు. అట్టడుగున, కంటికి ఆననంత చిన్న అక్షరములలో, “ఉదయం 10 గంటల నుండి స్థానిక సంగీత విద్యార్థులచే గానం” అను పంక్తి. పేర్లుండవు. పిల్లలు తెల్లవారకముందే లేచి, పట్టుపరికిణీలు కట్టుకొని, వరుసలో నిలబడి, ఒక్కొక్కరు ఒక్కొక్క కీర్తన పాడుదురు. పదునేనుమంది పాడుసరికి వయొలిన్ వాయించువానికి చేయి నొచ్చును. పల్లవి ముగియకమునుపే నిర్వాహకుడు గడియారము చూచును. ధ్రువపత్రము చేతికిచ్చి, ఛాయాచిత్రము తీయించి పంపివేయుదురు. సాయంకాలము పెద్ద కచేరి ఆరంభమగు వేళకు ఆ పిల్లలలో ఒక్కరును సభలో నుండరు. పాడినవారినే శ్రోతలుగా నిలుపుకొనలేని సభ పాడనివారిని ఎట్లు పిలువగలదు?

యువకులు లేరా యనగా, ఇంతమంది ఎన్నడును లేరు. వడ్డేశ్వరము, నీరుకొండ, ఐనవోలు, నంబూరు: మంగళగిరి చుట్టును వెలసిన విశ్వవిద్యాలయములలో వేలకొలది విద్యార్థులు చదువుచున్నారు. వారి కళాశాలల వేడుకలలో సినిమా గాయకులకు, డీజేలకు చోటున్నది. అందులో తప్పు లేదు. 2023 డిసెంబరులో కేంద్రప్రభుత్వము బెజవాడలో కృష్ణవేణీ సంగీతనీరాజనము జరిపినప్పుడు తుమ్మలపల్లి క్షేత్రయ్య కళాక్షేత్రమునకు ఈ విద్యార్థులను బస్సులలో తీసికొనిరాగల దూరమే. దూరము అడ్డము కాదు. వారి యీడువాడొకడు ఆ వేదికపై ప్రధానస్థానమున కూర్చుండి, తప్పినను ఒప్పినను తన మనోధర్మమును తానే పాడుకొనుచున్నాడని వారికి తెలియకపోవుటయే అడ్డము.

ప్రతి సంవత్సరము ఒక బాలమురళి, ఒక శ్రీనివాస్ దొరుకునా యని అడుగువారు కలరు. దొరుకరు. కాని 1978 లో గుడివాడ సభవారు తాము పిలిచినది ఎవరినో తెలిసి పిలువలేదు. అతడు లోకప్రసిద్ధుడైనది తరువాత. బెజవాడ సంగీతకళాశాలలో నేడును పదునెనిమిది, ఇరువదేండ్లవారు ఆలాపన సాధన చేయుచున్నారు. వారిలో ఒకరిని ఎన్నుకొనుటకు జ్యోతిష మక్కరలేదు. గురువు మాట చాలును.

కావున కృష్ణాతీరపు సభల కార్యదర్శులకు నా మనవి యిది. రానున్న పుష్యబహుళ పంచమి త్యాగరాజారాధనోత్సవములలో ఒక్క సాయంకాలమును, ఆరున్నర గంటలకు, ఇరువదేండ్లు దాటని ఒక గాయకునకో గాయనికో ఇయ్యుడు. రెండు గంటల వ్యవధి ఇయ్యుడు. మీరు పెద్ద విద్వాంసునకు కూర్చు వయొలిను, మృదంగములనే ఆ బిడ్డకును కూర్చుడు. పారితోషికము ఇయ్యుడు. పత్రికలో ఆ పేరును, ఛాయాచిత్రమును, తక్కిన విద్వాంసుల పేర్లు అచ్చువేసిన అక్షరముల పరిమాణముననే అచ్చువేయించి, ఆ పత్రికను వడ్డేశ్వరము, నీరుకొండ విద్యార్థివసతిగృహముల గోడలకు అంటింపుడు.