ఎయిడ్సు వ్యాపించు త్రోవలు తెలిసిన విధము

సికింద్రాబాదు చెంతనున్న బేగంపేటలో రొనాల్డు రాస్ అను సైనిక వైద్యుడు 1897 ఆగస్టు 20వ తేదీన దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచెను. రోగిని కుట్టిన దోమ ఒక్కింటికి ఒక అణా చొప్పున ఆయన ఆ రోగికే ముట్టజెప్పెనట. చెడుగాలి వలన వచ్చునని తరతరములుగా నమ్మిన జ్వరమునకు దోమయే వాహనమని తేలుటకు ఆ పరిశోధన త్రోవ చూపినది. ఈ ఘనకార్యము మన గడ్డమీద జరిగినందుననో ఏమో, ఎయిడ్సును గూర్చిన ప్రసంగములు ప్రసారమైనప్పుడెల్ల మాకు వచ్చు శ్రోతల లేఖలలో ఒక ప్రశ్న తప్పక కనబడును: నెత్తురు త్రాగు దోమ మలేరియాను తెచ్చునప్పుడు ఎయిడ్సును ఏల తేదు? ప్రశ్న తెలివైనదే. దీనికి బదులు చెప్పవలెనన్న, ఈ వ్యాధి త్రోవలను వైద్యులు ఎట్లు కనుగొనిరో ముందుగా చెప్పవలసియున్నది.

1981 జూన్ 5వ తేదీన అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ కేంద్రము వారి వారపత్రికలో ఒక చిన్న నివేదిక వెలువడెను. లాస్ ఏంజెలెస్ నగరమున ఐదుగురు యువకులకు అరుదైన నిమోనియా సోకినదనియు, వారు పురుషులతో లైంగిక సంపర్కము గలవారనియు దాని సారాంశము. ఆ కడపటి మాటను పట్టుకొని, ఇది కొందరి నడవడికి వచ్చిన జబ్బని లోకము తీర్మానించుకొన్నది. 1982లో ఆ తీర్మానము తలక్రిందులైనది. దెబ్బ తగిలినచో నెత్తురు గడ్డకట్టని హీమోఫీలియా రోగులకు ఇదే వ్యాధి కనబడెను. వారు దాతల రక్తమునుండి తీసిన మందును వాడినవారు. మత్తుమందును సూదితో ఎక్కించుకొనువారికిని, ఇతరుల రక్తమెక్కించిన పసిబిడ్డకును, రోగులతో కాపురము చేయు స్త్రీలకును సోకెను. పసిబిడ్డకు నడవడియేమి? ఈ రోగులందరి లెక్కను ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారికి, హెపటైటిస్-బి అను కామెర్ల వ్యాధి పోకడయే ఇందును గోచరించెను.

1983 మే నెలలో పారిసునందలి పాశ్చరు సంస్థకు చెందిన ఫ్రాన్స్వాజ్ బారే-సినూసీ, లూక్ మోంటాన్యే మొదలగువారు ఒక క్రొత్త వైరసును కనుగొన్నట్లు ప్రకటించిరి. ఈ వ్యాధికి కారణము అదియేనని లోకమంతయు ఒప్పుకొనుటకు మరికొంతకాలము పట్టినది. అట్లు ఒప్పుకొనకమునుపే, ఆ 1983 సెప్టెంబరులోనే, అమెరికా కేంద్రము వారు వ్యాధి వచ్చు ముఖ్యమైన త్రోవలన్నిటిని పేర్కొని, గాలి, నీరు, ఆహారము, మామూలు తాకిడి వలన ఇది రాదని స్పష్టము చేసిరి. సూక్ష్మదర్శినికంటె రోగుల లెక్కయే ముందు బదులు చెప్పినదన్నమాట. ఒకే కంచములో తిన్నవారికి, ఒకే పక్కబట్టలు వాడినవారికి, రోగికి సేవచేసిన తల్లులకు ఇది రాలేదు. దోమల ప్రశ్నకు సమాధానమును ఇందులోనే యున్నది. దోమయే తెచ్చునదైనచో ఇంటిలోని పిల్లలును ముసలివారును సమానముగ పడకపట్టవలసినది, అట్లు జరుగలేదు. కుట్టునప్పుడు దోమ మన శరీరములోనికి విడుచునది తన లాలాజలమును. ముందు త్రాగిన నెత్తురును కాదు. మలేరియా క్రిమి దోమ కడుపులో పెరిగి ఆ లాలాజలగ్రంథులకు చేరును. ఎయిడ్సు వైరసు అచ్చట పెరుగజాలక జీర్ణమైపోవును.

మన దేశములో ఈ చరిత్ర మద్రాసులో మొదలైనది. ఇది పాశ్చాత్యుల వ్యాధియనియు, మన కుటుంబ ధర్మము మనకు కోటగోడయనియు పెద్దలు పలుకుచున్న కాలమది. మద్రాసు వైద్య కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రాచార్యులైన సునీతి సాలొమన్, తమ విద్యార్థిని సెల్లప్పన్ నిర్మలకు ఈ విషయమును పరిశోధనాంశముగా సూచించిరి. చిన్న ఊరినుండి వచ్చిన నిర్మల మొదట వెనుకాడిరి, భర్త ప్రోత్సహించెను. మైలాపూరులోని స్త్రీల ప్రభుత్వ సంరక్షణాలయమునకు పోయి, వేశ్యావృత్తిలో పట్టుబడిన స్త్రీల రక్తమును సేకరించి, ఇంటి రిఫ్రిజిరేటరులో దాచి, 1986 ఫిబ్రవరిలో రైలుమీద వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు తీసికొనిపోయిరి. పరీక్షా సామగ్రి ఆచార్య జేకబ్ జాన్ ప్రయోగశాలలో ఉండెను. ఆరు నమూనాలలో వ్యాధి చిహ్నము కనబడినది. మరల పరీక్షించిరి, అమెరికాలోను పరీక్ష జరిగెను, ఫలితము మారలేదు. కోటగోడ ఎన్నడో కూలియుండెను.

పరీక్ష దేనికో ఆ స్త్రీలకు తాము చెప్పలేదని నిర్మలయే అనేక సంవత్సరములకు పిమ్మట తెలిపిరి. ఒక దేశమును హెచ్చరించిన రక్తము వారిది. వారి పేర్లు మాత్రము చరిత్రలో లేవు. ఈ సంగతి తలచినప్పుడెల్ల మాకు మనసు కలుక్కుమనును.

హెచ్చరిక వచ్చినంత మాత్రమున భయము తగ్గలేదు. 1989లో గోవాలో డొమినిక్ డిసౌజా అను యువకుని, తరచు రక్తదానము చేయు అలవాటు గలవానిని, రక్తములో వైరసు కలదను కారణముచేత అచ్చటి ప్రజారోగ్య చట్టము క్రింద పట్టుకొనిపోయి, పాత క్షయ ఆరోగ్యశాలలో 64 దినములు ఒంటరిగ బంధించిరి. మామూలు తాకిడివలన ఇది రాదని తేలి అప్పటికి ఆరు సంవత్సరములు కావచ్చినది! ఆయన 1992లో మరణించెను. తెలిసిన విషయము చట్టము చెవికి ఎక్కుట ఎంత ఆలస్యమో! వివక్షను నిషేధించు చట్టము 2017లో ఆమోదము పొంది, 2018 సెప్టెంబరు 10న అమలునకు వచ్చినది.

త్రోవలు తెలిసిన తరువాత ఒక్కొక్కదానికి అడ్డుకట్ట వేయుట జరిగినది. నెత్తురు అమ్ముకొనువారి రక్తమును సేకరించుట సుప్రీంకోర్టు తీర్పు ననుసరించి 1998 జనవరి 1 నుండి మన దేశములో నిషిద్ధమైనది. మణిపురములో మత్తుమందు సూదుల వలన ఉప్పెనవలె వ్యాపించిన వ్యాధికి శుభ్రమైన సూదుల పంపిణీ ఆనకట్టయైనది. గర్భిణికిని పుట్టిన బిడ్డకును మందిచ్చినచో బిడ్డకు సోకు ప్రమాదము మూడింట రెండువంతులు తగ్గునని 1994లోనే ఋజువైనది. నేటి మందులతో అది ఇంకను స్వల్పము. లైంగిక సంపర్కమున కండోము రక్షణ. 1968 నుండి కుటుంబ నియంత్రణకై నిరోధ్ పేర ఊరూర అమ్మిన ఈ వస్తువు పేరు పలుకుటకు మైకు ముందర మేమును కొంతకాలము తడబడితిమని ఒప్పుకొనక తప్పదు. "తగిన జాగ్రత్తలు" అని దాటవేసిన ప్రసంగము విని ఎవరేమి జాగ్రత్తపడుదురు?

అన్నిటికంటె పెద్ద మార్పు 2011లో వచ్చినది. చెన్నై, పూనా నగరములును పాల్గొన్న ఒక అంతర్జాతీయ పరిశోధనలో, దంపతులలో వ్యాధి గలవారు ముందుగనే మందు మొదలిడినచో రెండవవారికి సోకుట నూటికి 96 వంతులు తగ్గినట్లు తేలెను. క్రమముగా మందు వాడుచు, రక్తములో వైరసు కనరానంతగ అణగియున్నవారినుండి లైంగిక సంపర్కమువలన వ్యాధి సోకదని తరువాతి పరిశోధనలు స్థిరపరచినవి. చికిత్సయే నివారణ యైనది. మన ప్రభుత్వము ఈ మందులను 2004 ఏప్రిల్ 1 నుండి ఉచితముగ నిచ్చుచున్నది.

ఇంత జరిగినను మన ప్రాంతమునకు నిశ్చింత లేదు. 2021 నాటి జాతీయ అంచనాల ప్రకారము దేశములోని వయోజనులలో నూటికి 0.21 మందికి ఈ వైరసు కలదు, ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47. సర్కారు ఆసుపత్రులలోని పరీక్షా కేంద్రములలో పరీక్ష ఉచితము, ఫలితము గోప్యము. ప్రమాదవశమున సూది గుచ్చుకొన్నవారు, అత్యాచారమునకు గురియైనవారు 72 గంటలలోపల, ఎంత త్వరగనైన అంత మేలు, మందు మొదలిడి 28 దినములు వాడవలెను. సందేహములున్నవారు 1097 సంఖ్యకు ఫోను చేయవచ్చును, పేరు చెప్పనక్కరలేదు. దోమలను గూర్చి అడిగినను వారు విసుగుకొనరు.