పేడపురుగుకు పూజ, బంగారు పురుగుకు సూది

తొలకరి పడిన సాయంత్రం హైదరాబాద్ అల్వాల్‌లో వేపచెట్టున్న ఏ ఇంటివాళ్లనైనా అడగండి, ఈ పురుగుల సంగతి చెబుతారు. దీపాలు పెట్టే వేళకు మట్టిలోంచి లేచి, బుర్రుమంటూ వచ్చి, వరండాలో లైటుకు కొట్టుకుని వెల్లకిలా పడే గోధుమరంగు పురుగులు. పొద్దున్నే చీపురుతో ఊడ్చి పారేస్తారు. రైతులకు వీటితో పాత వైరమే ఉంది. వేరుశనగ వేళ్లు కొరికేసే వేరుపురుగులు వీటి పిల్లలే. కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ముపురుగుదీ ఇదే వంశం. పెండలో పుట్టి పెండలో పెరిగే పేడపురుగుదీ ఇదే. శాస్త్రజ్ఞులు స్కారబ్ కుటుంబం అనే ఈ వంశంలో 30,000కు పైగా జాతులున్నాయి. ఇంతమందిలో ఈజిప్టువాళ్లు ఏరికోరి దేవుణ్ని చేసుకున్నది ఆ పెండ పురుగునే.

స్కారబేయస్ సేసర్ అనే ఆ పురుగు నల్లగా ఉంటుంది. చూడటానికి పెద్ద అందగాడేం కాదు. కొత్త పేడ కనిపిస్తే చాలు, పళ్లపళ్లుగా ఉండే తలతో కోసి, కాళ్లతో తట్టి గుండ్రని ఉండ చేస్తుంది. తర్వాత తల కిందికి, వెనక కాళ్లు పైకి పెట్టి, ఆ ఉండను వెనక్కి దొర్లించుకుంటూ పోతుంది. నైలు ఒడ్డున కూర్చుని దీన్ని గమనించిన వాళ్లకు అదే ఆకాశంలోనూ కనిపించింది. సూర్యుణ్ని పొద్దున్నే తూర్పు నుంచి నెట్టుకొచ్చేది ఎవరు? ఖెప్రి అనే ఉదయ దేవుడు, తల ఉండాల్సిన చోట పురుగున్న దేవుడు. ఉండను భూమిలో పాతిన కొన్నాళ్లకు కొత్త పురుగు దానంతటదే బయటికి రావడమూ వాళ్లు చూశారు. తల్లీ తండ్రీ లేకుండా తనను తానే పుట్టించుకునే జీవి అనుకున్నారు. ఈ పురుగుల్లో ఆడవి లేనే లేవని చాలాకాలం తర్వాతి రచయితలు కూడా నమ్మారు.

అసలు గుట్టు విప్పింది ఫ్రాన్సులో జీవితమంతా పురుగుల వెంట తిరిగిన జాన్ హెన్రీ ఫాబ్ర్. ఎండలో దొర్లించుకుపోయే ఉండ తిండికి మాత్రమేనని, గుడ్డు అందులో ఉండదని ఆయన తేల్చాడు. పిల్ల కోసం తల్లి నేల కింద గదిలో వేరే ఉండ కడుతుంది. అది పియర్ పండు ఆకారంలో ఉంటుంది, సన్నని మెడలో గుడ్డు ఉంటుంది. ఆ మొదటి పియర్‌ను తవ్వి తెచ్చి ఇచ్చింది ఒక గొర్రెల కాపరి కుర్రాడు. వేల ఏళ్ల పురాణాన్ని ఒక పశువుల కాపరి విప్పడం నాకు చాలా న్యాయంగా అనిపిస్తుంది. పేడ పక్కన రోజంతా ఉండేది ఆ కుర్రాడే కదా.

దైవత్వం వచ్చాక నగలు రాకుండా ఉంటాయా? క్రీస్తుపూర్వం 2000 ప్రాంతం నుంచి రాతి పురుగులు గుట్టలు గుట్టలుగా తయారయ్యాయి. మెత్తని స్టియటైట్ రాయిని పురుగు ఆకారంలో చెక్కి, నీలం ఆకుపచ్చ మెరుగు పూసి కాల్చేవాళ్లు. నిలువునా బెజ్జం వేసి దారానికో, ఉంగరం తీగకో గుచ్చేవాళ్లు. ఉంగరంలో పురుగు గిర్రున తిరుగుతుంది, వీపు పైకి ఉంటే తాయెత్తు, తిప్పి బల్లపరుపు కడుపును బంకమట్టి మీద ఒత్తితే ముద్ర. ఒకే వస్తువుతో భక్తీ కచేరీ పనీ రెండూ నడిచేవి. మూడో అమెన్‌హోటెప్ మరో అడుగు వేసి, అరచేతిలో పట్టేంత పెద్ద పురుగుల కడుపుల మీద వార్తలు చెక్కించి దేశదేశాలకు పంపాడు. రాణి తియె తన భార్య అని కొన్నింటి మీద ఉంది. తొలి పదేళ్ల పాలనలో తాను 102 సింహాలను వేటాడానని మరికొన్నింటి మీద ఉంది. అలాంటివి 200కు పైగా ఇప్పటికీ మిగిలాయి. రాజులు తమ గొప్పలు చాటుకోవడానికి శాసనాలు వేయించడం మనకు కొత్త కాదు గానీ, పేడపురుగు కడుపు మీద వేయించడమే విశేషం.

చనిపోయినవాళ్లకు ఇంకో రకం ఉండేది. ఆకుపచ్చ రాతితో చేసిన గుండె పురుగు. పరలోకంలో త్రాసు ముందు నిలబడ్డప్పుడు నా గుండె నాకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పకూడదు అనే మంత్రం దాని మీద చెక్కి, శవం రొమ్ము మీద పెట్టేవాళ్లు. 1922లో హోవర్డ్ కార్టర్ తెరిచిన టుటన్‌ఖామన్ సమాధిలో ఒక పతకం దొరికింది, నడుమ లేత పసుపు పురుగు. అది ఏదో మామూలు రత్నమే అనుకున్నారు. లిబియా ఎడారిలో సుమారు 2.9 కోట్ల ఏళ్ల కిందట అంతరిక్షం నుంచి వచ్చిన ఉల్క వేడికి ఇసుక కరిగి ఏర్పడిన గాజు అని 1990ల చివర్లో గాని తేలలేదు. ఆ సమాధి వార్తలతో పారిస్, లండన్‌లలో పురుగు నగల పిచ్చి పట్టుకుంది. కార్టియే కంపెనీ పాత పింగాణీ పురుగులకు వజ్రాల రెక్కలు తొడిగి బ్రూచ్‌లు చేసింది. దొంగ పురుగులూ బయలుదేరాయి. కొత్తగా చెక్కిన రాళ్లను టర్కీ కోళ్లకు మింగించి, రెండో వైపు వచ్చాక ‘పాతబడ్డాయి’ అని యాత్రికులకు అమ్మేవారని ఒక కథ ఉంది. నిజమో కాదో గానీ, పేడపురుగుకు అంతకంటే తగిన పట్టాభిషేకం ఉండదు.

ఈజిప్టు మనకు అంత దూరమేం కాదు. అల్వాల్ నుంచి బస్సెక్కి నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌కు వెళ్తే, అక్కడి రాష్ట్ర మ్యూజియంలో రెండు వేల ఏళ్లకు పైబడిన ఈజిప్టు మమ్మీ ఉంది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ 1920 ప్రాంతంలో 1,000 పౌండ్లు పెట్టి కొన్నాడు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ చేతికి వచ్చి, 1930లో మ్యూజియంకు చేరింది. బడిపిల్లలు వరసగా నిలబడి చూసి పోతుంటారు.

అయితే మన ప్రాంతం పిల్లలకు తెలిసిన పురుగు వేరు. వానలు మొదలయ్యాక తుమ్మచెట్ల మీద దొరికే ఆకుపచ్చ బంగారు పురుగు. అగ్గిపెట్టెలో పెట్టి, లేత తుమ్మాకు మేపి, గుడ్లు పెడితే వీధంతా చూపించి వచ్చే పురుగు. ఇది స్కారబ్ కాదు, బ్యుప్రెస్టిడ్ అనే వేరే వంశం. మన బంగారు పురుగు ప్రజాతి పేరు స్టెర్నోసెరా. ఈజిప్టువాడికి నల్ల పురుగు ఎంతో, దక్కన్ జర్దోజీ పనివాడికి ఈ పచ్చపురుగు అంత.

దీని వీపు మీద గట్టి డిప్పలు రెండుంటాయి. ఎగిరే పల్చని రెక్కలను కాపాడే మూతలవి. వాటిని తీసి, అంచులు కత్తిరించి, కొసల్లో సూదితో బెజ్జాలు వేసి, మస్లిన్ మీదా వల గుడ్డ మీదా జరీతో పాటు తాపేవాళ్లు. పంతొమ్మిదో శతాబ్దంలో హైదరాబాద్, మద్రాసు ఈ పనికి పేరుపడ్డాయి. గుడ్డ ఓడలెక్కి ఇంగ్లండ్‌కు పోయేది, ఇక్కడి దొరసానులూ గౌనులు కుట్టించుకునేవాళ్లు. అల్వాల్ పక్కనే బొల్లారంలో 1860లో కట్టిన, ఇప్పుడు రాష్ట్రపతి నిలయంగా ఉన్న రెసిడెన్సీ భవనానిదీ ఆ కాలమే. 1888లో లండన్ రంగస్థలం మీద ఎలెన్ టెర్రీ లేడీ మాక్‌బెత్‌గా వేసుకున్న గౌను మీద సుమారు వెయ్యి రెక్కలున్నాయి. ఆమెను ఆ గౌనులోనే చిత్రకారుడు సార్జెంట్ చిత్రించాడు. 1903 జనవరిలో దిల్లీ దర్బారు విందు నాట్యానికి వైస్రాయ్ భార్య లేడీ కర్జన్ నెమలిపింఛాల గౌనులో వచ్చింది. ప్రతి కంటి మధ్యా ఒక పురుగు డిప్ప. దూరం నుంచి చూసినవాళ్లు పచ్చలే అనుకున్నారని చెబుతారు.

ఆ పచ్చదనం రంగు కాదు, అందుకే వెలవలేదు. డిప్పలో పొరలు పొరలుగా ఉన్న పదార్థం వెలుగును వడగట్టి ఆకుపచ్చను మాత్రమే వెనక్కి కొడుతుంది. పొరలు చెదరనంత కాలం మెరుపూ చెదరదు. జపాన్‌లో హోర్యూజి ఆలయంలో ఇలాంటి రెక్కలు పొదిగిన ఏడో శతాబ్దపు మందిరం ఇప్పటికీ ఉంది. జమ్మూ ప్రాంతంలోని బసోలి చిత్రకారులు దేవతల నగల్లో పచ్చల బదులు ఈ ముక్కలే అంటించారు. వెలుగు వేగాన్ని కొలిచిన ఆల్బర్ట్ మైకెల్సన్‌కూ ఈ మెరుపుల మీద మనసు పోయింది. బంగారు రంగు స్కారబ్ ఒకటి వెలుగును మెలితిప్పి వెనక్కి పంపుతోందని 1911లో రాశాడు.

ఇంత చూశాక నాకు తేడా ఒకచోట కనిపిస్తుంది. ఈజిప్టువాళ్లకు పురుగు చేసే పని నచ్చింది, దాన్ని రాతిలో చెక్కారు. అసలు పురుగునే తీసుకున్నప్పుడూ మనిషికి చేసినట్టే చేశారు. 2018లో సక్కారాలో సున్నపురాయి పెట్టెలో గుడ్డ చుట్టిన మమ్మీ పురుగులు దొరికాయి. గౌనులు కుట్టినవాళ్లకు నచ్చింది పైడిప్ప. దాన్ని తీసుకుని తక్కినది పారేశారు. 2002లో బ్రస్సెల్స్ రాజభవనంలో ఒక గది పైకప్పంతా లక్షల డిప్పలతో కప్పారు. అందమే, కాదనను. అయినా నా ఓటు నల్లదానికే.

ఆ నల్లదాని పని విలువ ఆస్ట్రేలియావాళ్లకు కష్టం వచ్చాక తెలిసింది. 1788లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఓడల్లో, దారిలో కేప్ టౌన్‌లో ఎక్కించిన ఆవులు దిగాయి. కంగారూల ఎండు పెంటికలకు అలవాటుపడ్డ అక్కడి పురుగులు ఆవుపేడను ముట్టలేదు. పేడ నెలల తరబడి గట్టిపడి పడి ఉండేది, కింద గడ్డి చచ్చేది, పైన ఈగలు ముసిరేవి. జార్జ్ బోర్నెమిస్సా అనే శాస్త్రవేత్త 1960లలో విదేశాల నుంచి పేడపురుగులను తెప్పించి వదిలించాడు. 2013లో ఇంకో విషయం బయటపడింది. చంద్రుడు లేని రాత్రి ఈ పురుగులు పాలపుంత వెలుగును చూసి దారి తప్పకుండా నడుస్తాయి. జొహానెస్‌బర్గ్ ప్లానెటేరియంలో పురుగులను వదిలి మరీ ఇది రుజువు చేశారు.

మన దగ్గర పురుగులను తెప్పించే అవసరం లేదు, ఉన్నవాటిని చంపకపోతే చాలు. పశువుల కడుపులో నులిపురుగులు పోవాలని వేసే ఐవర్‌మెక్టిన్ మందు చాలావరకు పేడలోనే బయటికి వస్తుంది. ఆ పేడలో పెట్టిన గుడ్లు పిల్లలై ఎదగవు. నగరం అంచుల్లో ఇంకా గేదెలు పెట్టుకున్న పాలవాళ్లు మందు వేసిన పశువును కొన్నాళ్లు కొట్టంలోనే కట్టేసి, ఆ పెండను విడిగా కుప్ప వేసుకోవచ్చు. మేతకు తోలే పశువుల పెండను మాత్రం మట్టి మీద పడనివ్వాలి.